జానెడు జానెడు పెరిగిన మంచం

వడ్రంగి పొద్దున్నే చేసే పనులు మూడు. పళ్లు తోముకోవడం, బీపీ మాత్ర వేసుకోవడం, టేపు పెట్టి మంచం వెడల్పు కొలవడం. చెవి మీది పెన్సిల్ తీసి గోడ మీద అంకె వేసి, టీ తాగి దుకాణానికి వెళ్లేవాడు.

మంచం తన పెళ్లికి తనే చేసుకున్నది. అప్పుడు ఐదడుగులు. మాత్రలు మొదలైన రెండో నెల నుంచి వారానికి జానెడు చొప్పున పెరుగుతోంది. ముందు బీరువా హాల్లోకి వెళ్లింది. తర్వాత అడ్డుగోడ కొట్టేయాల్సి వచ్చింది. ఎదురింటావిడ చూసి, "దుప్పట్లు సరిపోతున్నాయా?" అని మాత్రం అడిగింది.

వడ్రంగికి నొప్పీ లేదు, కోరికా లేదు. ఒళ్లు ఎవరో అద్దెకిచ్చినట్టుండేది. భార్య చెయ్యి వేస్తే, వేసిందని తెలిసేది, అంతే. రెండుసార్లు ప్రయత్నించాడు. మూడోసారి నడుం నొప్పన్నాడు. నాలుగోసారి ఆవిడే అడగలేదు.

"బావా, మంచం ఈ చివర్నుంచి అక్కని పిలవాలంటే ఫోన్ చేస్తున్నావా?" అన్నాడు దుకాణంలో బావమరిది, చెక్క చిత్రిక పడుతూ.

"మిస్డ్ కాల్ ఇస్తా. పని చూడు."

మాత్రల వల్లే ఒళ్లు ఇలా మొద్దుబారుతుందని ఎక్కడో విన్నాడు. డాక్టర్ని అడగడానికి నోరు రాలేదు. మూడు వారాలుగా మాత్ర మింగినట్టు నటించి, నాలుక కింద దాచి, భార్య అటు తిరగ్గానే మంచం కిందికి విసిరేస్తున్నాడు. అంత మంచం నడిమధ్యకి ఏ చీపురు అందుతుందిలే అని ధీమా. తల దిమ్ముగా ఉంటోంది. మంచం మాత్రం తగ్గకపోగా జానెడున్నర చొప్పున పెరుగుతోంది.

ఆదివారం మధ్యాహ్నం భార్య చీపురుతో మంచం కింద దూరింది. అరగంటైనా రాలేదు.

"ఏమే, ఉన్నావా?"

వచ్చింది. జుట్టు నిండా బూజు, గుప్పిట్లో తెల్లటి మాత్రలు.

"ఇవేంటండీ?"

వడ్రంగి టేపు సాగదీశాడు, వదిలాడు. "ఇవి మొదలెట్టినప్పటి నుంచి నావల్ల కావట్లేదే. అంటే... నీ దగ్గర."

"మానేస్తే?"

"మానేసినా కావట్లేదు."

ఆవిడ చీపురు కింద పెట్టింది. "నేనంటే మొహం మొత్తిందేమో అనుకున్నా. ఏడ్చినా మీకు వినపడేది కాదు. పద్దెనిమిది అడుగులు మరి."

మర్నాడు డాక్టర్ బీపీ చూసి, నమ్మకం కుదరక మళ్లీ చూశాడు. "ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే కాలో చెయ్యో పడిపోయేది. మీరు చెప్పేది మాత్ర వల్ల కావచ్చు, బీపీ వల్లే కావచ్చు. మందు మార్చి చూద్దాం. అయినా అడగొచ్చు కదా! ఇదే మాట మీద వారానికి పదిమంది వస్తారు. తొమ్మిదిమంది తలుపు దాకా వెళ్లాక గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి అడుగుతారు."

ఆ మర్నాడు పళ్లు తోముకున్నాడు, కొత్త మాత్ర వేసుకున్నాడు, టేపు తీశాడు. రెండో చివర ఆవిడ పట్టుకుంది.

"ఎంత?"

"జానెడు తక్కువ."

ఒంట్లో మాత్రం ఏ తేడా లేదు. అలాగే మొద్దుబారి ఉంది. మీట నొక్కితే టేపు వెనక్కి రావడం మొదలైంది. ఆవిడ చివర వదల్లేదు. దాంతోపాటే పరుపు మీద నడుచుకుంటూ వచ్చి, అతని ముందు ఆగింది.

"ఏదీ, నాలుక కింద చూపించండి."

చూపించాడు.