వదిన విన్న పాఠం

కాలేజీలో లెక్కల పోస్టు ఖాళీ ఉన్నది ఒక్కటే. దానికి నేనూ, మా వదినా ఇద్దరం అప్లై చేశాం. డెమో క్లాసు చెప్పి మెప్పించినవాళ్లకే ఉద్యోగం. దాని మీద నేను గంపెడాశ పెట్టుకున్నాను. ట్యూషన్లు చెప్పి చెప్పి గొంతు అరిగిపోయింది మరి.

నా పాఠం బహుపది శూన్యాలకు, అంటే దాన్ని సున్నా చేసే x విలువలకు, హద్దులు కనుక్కోవడం. ఏ శూన్యమూ దాటిపోని సంఖ్య పై హద్దు. ధన సంఖ్యతో సింథటిక్ డివిజన్ అనే అడ్డదారి భాగహారం చేసినప్పుడు చివరి వరుసలో రుణ సంఖ్య రాకపోతే అది పై హద్దే. రుణ సంఖ్యతో చేసినప్పుడు ప్లస్ మైనస్ గుర్తులు మారి మారి వస్తే అది కింది హద్దు. ముందురోజు సాయంత్రం వంటింట్లో వదినకి పాఠమంతా అప్పజెప్పాను. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ విన్నది.

x³ − 4x² + 6x − 4ని 3తో చేస్తే వరుసలో −1 వచ్చింది. "కాబట్టి 3 పై హద్దు కాదు" అన్నాను. వదిన చేతిలో కత్తి ఆగింది.

"ఏమైనా తేడా ఉందా వదినా?"

"బ్రహ్మాండంగా ఉందే. ఒక్క ముక్క కూడా మార్చకు."

నేనూ మురిసిపోయాను, వెర్రిమొహాన్ని.

మర్నాడు బోర్డు దగ్గర అదే చెప్పాను. ప్రిన్సిపాల్ తలూపుతున్నాడు. తన వంతు కోసం వెనక కూర్చున్న వదిన చెయ్యెత్తింది.

"మేడమ్, దీనికి వాస్తవ శూన్యం 2 ఒక్కటే కదండీ? అప్పుడు 3 పై హద్దే అవుతుంది. రుణ సంఖ్య రాకపోతే హద్దని చెప్పగలం గానీ, వచ్చినంత మాత్రాన కాదని ఎలా చెబుతాం?"

ఇంట్లో "ఏమే" అని పిలిచే మనిషికి నేను మేడమ్‌ని అయిపోయాను! 2 పెట్టి చూశాను. సున్నా వచ్చింది. మిగిలిన వర్గ బహుపదికి వాస్తవ శూన్యాలే లేవు. ఆవిడ చెప్పింది నిజమే.

ఉద్యోగం ఆవిడకే ఇచ్చారు. గేటు దగ్గర నిలదీశాను.

"నిన్ననే తెలుసా నీకు?"

"తెలుసు. చెబితే నీకొచ్చేది. నాకూ కావాలి కదే."

ఒళ్లు మండిపోయింది.

ఇంటికి రాగానే అన్నయ్య ఆత్రంగా ఎదురొచ్చాడు. "ఎవరికొచ్చింది?"

"వదినకి."

"ఎవరికొస్తే ఏముందిలే, అందరం ఒక ఇంటివాళ్లమేగా!" అని నవ్వేశాడు.

"అలా అనుకునేగా అన్నయ్యా," అన్నాను, "ఆవిడకి పాఠం వినిపించింది."