తాత తినని ముద్ద

"పెట్టినవా?" అని బిక్షమ్మ మళ్లీ అడిగింది. చీపురు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

ముజఫ్ఫర్ రిమోట్‌ను ప్యాంటుకు తుడిచాడు. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర, రెండో అంతస్తులో ఆయన పనిచేసే గేమ్ సెంటర్‌కు పిల్లలు రావడానికి ఇంకా టైముంది. కాంప్లెక్స్ ఊడ్చే బిక్షమ్మ రోజూ ఆ కాస్త సందులో వచ్చి టీవీ ముందు కూర్చుంటుంది. జపాను వాళ్ల కత్తియుద్ధాల ఆట అది. తల్లీతండ్రీ లేని పిల్లను ఓ ముసలి వీరుడు మంచుకొండ మీది గుడికి చేర్చాలి. రాక్షసులను నరకడం ముజఫ్ఫర్ పని. తాత తిన్నాడో లేదో చూడడం బిక్షమ్మ పని. సంచిలోంచి అన్నం ముద్ద తీసి తాతకు పెడితే కానీ ఆమె యుద్ధానికి ఒప్పుకోదు. కొమ్ముల రాక్షసుడు మీద పడుతున్నా సరే, ముందు భోజనం. జపాను చరిత్రలో అంత నిండుగా తిన్న వీరుడు ఉండడు.

ముజఫ్ఫర్‌కు నలభై ఆరేళ్లు. జుట్టు పలచబడింది, బొటనవేళ్లు కాయలు కాచాయి, కళ్లజోడు కాడకు దారం చుట్టి ఉంటుంది. వీడియో క్యాసెట్ల కొట్లో చేరాడు, క్యాసెట్లు పోయాయి. సీడీల కొట్లో చేరాడు; సీడీలు పోయాయి. ఇంటర్నెట్ సెంటర్‌లో చేరగానే ఊరందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి. ఆయన చేరితే చాలు, ఎంత గట్టి వ్యాపారమైనా దండం పెట్టి వెళ్లిపోతుంది.

"నిన్ననే తిన్నడు గదా అవ్వా. ఒక్కటే ముద్దున్నది. రేపు పెడత."

"నిన్న తింటే ఇయ్యాల ఆకలి గాదా?"

"గది బొమ్మ. జర సమజ్ చేసుకో."

బిక్షమ్మ చీపురు పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అంది.

"మా ఆయన గిట్లనే పొయ్యిండు బిడ్డా. ఆయన దవాఖానల, నేను గీ మెట్ల మీద. నోట్ల సుక్క నీళ్లు వొయ్యలే. గీ తాతనన్న సక్కగ సూస్కో."

ఈ మాట ముజఫ్ఫర్ ఎన్నిసార్లు విన్నాడంటే, నిద్రలో లేపినా అప్పజెప్పగలడు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. గోడ ఓనర్‌ది కాబట్టి మానుకుని బటన్ నొక్కాడు. తాత పస్తులతోనే వంతెన ఎక్కాడు.

అవతలి గట్టునుంచి బాణాలొచ్చాయి. తాత పిల్లకు అడ్డం నిలబడ్డాడు. మోకాళ్ల మీద కూలాడు. రిమోట్ పనిచేయడం మానేసింది. ఇక కథ దానంతటదే నడుస్తోంది. రోజూ తెర అడుగున పడే ఇంగ్లీషు అక్షరాలను ముజఫ్ఫర్ సగం చదివి, సగం కల్పించి చెప్పేవాడు. ఇప్పుడు అక్షరాల్లేవు. తాత పిల్లనే చూస్తున్నాడు.

"నీళ్లు వొయ్యి" అంది బిక్షమ్మ.

ముజఫ్ఫర్ ఉన్న బటన్లన్నీ నొక్కాడు. లేనివి కూడా నొక్కాడు.

"నీళ్లకు బటన్ లేదవ్వా."

ఆమె తన సీసా మూత తీసింది. వేలు తడుపుకుని టీవీ దగ్గరికి నడిచింది.

"కరెంటు అవ్వా. టీవీ కాలితే ఓనర్ నన్ను గూడ పంపిస్తడు" అంటూ లేచాడు కానీ, ఆమె చెయ్యి పట్టుకోలేదు.

వేలు తాత పెదవులకు తాకేలోపే బొమ్మ మారింది. చుక్క తెరలోని మంచు మీద పడింది.

బిక్షమ్మ టీవీ అద్దాన్ని కొంగుతో శుభ్రంగా తుడిచింది. చీపురు తీసుకుని వెళ్లింది. కాసేపటికి మెట్ల మీద ఊడుస్తున్న చప్పుడు వినిపించింది.

ముజఫ్ఫర్ ఆటలోని సంచి తెరిచాడు. తాత బొమ్మ బూడిదరంగుకు తిరిగింది. నొక్కినా పలకలేదు. సంచి అడుగున, ఆ ఆటలో ఎప్పటికీ చల్లారని అన్నం ముద్ద ఒకటి ఇంకా ఆవిరి కక్కుతోంది.