బల్ల చరిచిన చేతులు

యూనివర్సిటీ సెనేట్ హాలు గుమ్మంలోనే మా తోటికోడలిని ఆపేశాడు కాపలావాడు.

"టీ తెచ్చేవాళ్ళు వెనకనుంచి రావాలమ్మా."

"టీ తెచ్చింది ఇదిగో, మా చెల్లి. నేను ఓటు తెచ్చాను. జరుగు!" అంది అక్క.

నిజమే, అక్క సెనేట్ సభ్యురాలు. హాస్టల్ వంటశాలలో గంటె తిప్పే మనిషి. కిందటేడు మేమూ విద్యార్థులూ కలిసి పొయ్యిలు ఆర్పేసి కూర్చుంటే, పెద్దలు దిగొచ్చి పనివాళ్ళకంటూ ఒక కుర్చీ పడేశారు. ఇకనుంచి ఏదైనా అందరం కలిసే నిర్ణయిద్దామన్నారు. మేం ఎగిరి గంతులేశాం. ఎంత వెర్రివాళ్ళం!

ఆ రోజు సభ ముందుకొచ్చింది మా బతుకే. వంటశాలలన్నీ కాంట్రాక్టరుకు అప్పగించాలట. అది నెగ్గితే మేమంతా వీధిన పడతాం.

"మీరు లేవండి, మీ వెనకే నేను లేస్తాను," అని పొద్దున్నే అక్కకు మాటిచ్చాడు ఉపన్యాసాల మాస్టారు. మా సమ్మెలో గొంతు చించుకుని అరిచిన మనిషి ఆయన.

ఎప్పుడూ కప్పులు పెట్టేసి బయటికి పోయే నేను, ఆ రోజు గోడవారగా నక్కి నిలబడ్డాను. వీసీ ఆ తీర్మానం గబగబా చదివేశాడు. అక్క లేచింది.

"కూర్చోండమ్మా, మీకూ అవకాశం ఇస్తాం."

మళ్ళీ లేచింది. మళ్ళీ కూర్చోమన్నాడు. ఆమె ముందున్న మైకు మూగదైపోయింది. మాస్టారి వైపు చూసింది. ఆయన నేను పోసిన టీలోకి తొంగి చూస్తూ నీళ్ళు నములుతున్నాడు.

"అయితే ఆమోదించినట్టేనా?" అన్నాడు వీసీ.

మా వంటశాలలో ఒక అలవాటుంది. మరిగే గంగాళం ఎవరిమీదైనా ఒరగబోతే, ముందు చూసినవాళ్ళు బల్లమీద బాదుతారు. ఆ చప్పుడు వింటే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. అరిస్తే ఆ గోలలో ఎవరికి వినపడుతుంది?

అక్క రెండు చేతులతో దబదబా బల్ల బాదింది.

ఆ సభ అలవాటు వేరు. అక్కడ బల్ల చరిస్తే సరేనన్నట్టు. ఒకరు మొదలుపెడితే చాలు, కునుకు తీస్తున్నవాళ్ళు కూడా అందుకుంటారు. అందుకున్నారు. హాలంతా దద్దరిల్లిపోయింది.

"ఏకగ్రీవం!" అన్నాడు వీసీ.

"నేను ఆపమన్నానయ్యా!"

"మొదట చరిచింది మీరే కదమ్మా," అన్నాడాయన. అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వాడు. వాడి మొహం మండ!

బయట మావాళ్ళు అక్కమీద విరుచుకుపడ్డారు.

"నీ చేత్తోనే మా నోట మట్టి కొట్టావు కదే!"

"కుర్చీ ఎక్కగానే కళ్ళు నెత్తికెక్కాయి!"

అక్క తన అరచేతులకేసి చూసుకుంటూ నిలబడింది.

అంట్లు తోమే తాత అందరినీ కసిరాడు. "నోళ్ళు ముయ్యండ్రా! వాళ్ళింట్లో మనకు పీట వేస్తే ఇల్లు మనదైపోతుందనుకున్నాం. ఆ తప్పు దానొక్కదానిదేనా? అందరం ఎగరలేదూ?"

తెల్లారి అందరం వెళ్ళి వంటశాలలో బైఠాయించాం. ఏదో గెలుస్తామని కాదు, పోవడానికి ఇంకో చోటు లేక. కిందటేడు వందల్లో వచ్చిన విద్యార్థులు ఈసారి గుప్పెడుమంది వచ్చారు. మిగతావాళ్ళకు పరీక్షలట.

పోలీసులు వచ్చారు. వెనకే కాంట్రాక్టరు మనుషులు వచ్చి, మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళి పొయ్యిలు వెలిగించారు. సభలో గొడవ చేసిందంటూ పోలీసులు అక్కను జుట్టు పట్టి లేపారు. నా చేతులు ఊరుకోలేదు. బల్ల బాదాను. తాత బాదాడు. విద్యార్థులు బాదారు. నిన్న తిట్టినవాళ్ళూ బాదారు.

పోలీసులు ఆగలేదు. అక్కను ఎక్కించుకుని వ్యాను కదిలింది. అయినా మేం బాదుతూనే ఉన్నాం.

కాంట్రాక్టరు మనుషులు తలెత్తకుండా పని చేసుకుపోతున్నారు. మా అక్క గంటె పట్టుకున్న కొత్తామె మాత్రం నావైపు తిరిగింది. నా ఈడుదే.

"ఎందుకమ్మా అట్లా బాదుతున్నారు?"

"ఎవరిమీదో మరిగే గంగాళం ఒరుగుతోందని. ఆగమని."

ఆమె కంగారుగా చుట్టూ చూసింది. "ఎవరిమీద?"

"రేపు నీమీదే తల్లీ."

కాంట్రాక్టరు గుమ్మంలోంచి కేకేశాడు. ఆమె గంటె కింద పెట్టలేదు. తిప్పడం మాత్రం ఆపింది.