పై అంతస్తులో గది

పరుపులాయన పొద్దున్నే కొట్టు తెరిచి, చాప పరిచి, ఏకిన దూది కుప్పగా పోసుకుని కూర్చుంటాడు. గుడ్డ సంచిలోకి దూది కూరడం, మూలలు సరిచూడడం, పొడుగాటి సూదితో కుట్లు వెయ్యడం. మధ్యాహ్నానికి కనుబొమలు కూడా తెల్లబడిపోతాయి. కింద కొట్టు, పైన ఇల్లు. ఇంట్లో ఆయనా, భార్యా, ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒక్కగానొక్క కొడుకూ.

ఆ పొద్దున ఆయన సూదిలో దారం ఎక్కిస్తుంటే భార్య మెట్ల మీంచి పిలిచింది.

"ఏవండీ, అబ్బాయి గది పక్కన గోడ ఉబ్బింది. ఇల్లు గది వేసేలా ఉంది."

ఆ వీధిలో ఇళ్ళు గదులు వేస్తాయి. ఇంట్లోకి మనిషి వచ్చే ముందు గోడ ఉబ్బుతుంది, సున్నం రాలుతుంది, కొన్నాళ్ళకి గది తయారవుతుంది. ఎదురింటివాళ్ళకి కవలలు పుట్టబోయేటప్పుడు అలాగే రెండు గదులొచ్చి, ఉన్న కాస్త పెరడూ పోయింది.

పరుపులాయన నోట్లో నువ్వుగింజ నానదు. గోడ సంగతి విని, సాయంత్రానికల్లా ఆయనింటికి కోడలొస్తోందని వీధంతా చెప్పుకుంది.

భోజనాల దగ్గర కొడుకు మెల్లగా అడిగాడు. "నాన్నా, ఆ గది ఎవరికోసమో నీకు తెలీదా?"

తెలుసు. కొలనులో పిల్లలకి ఈత నేర్పే కుర్రాడు, ఇంట్లో అందరూ ఈత మాస్టారనే పిలుస్తారు. ఆదివారాలు వచ్చి, పరాయివాడిలా మొహమాటపడకుండా అడిగి వడ్డించుకుంటాడు. అతను వచ్చిన రోజు కొడుకు మొహం వేరుగా ఉంటుంది. చూస్తూనే ఉన్నాడు పరుపులాయన. పైకి అనలేదంతే.

"తెలుసు," అన్నాడు కంచంలోకి చూస్తూ. ఇంకో మాట వస్తుందేమోనని కొడుకు చాలాసేపు కూర్చున్నాడు. రాలేదు.

మర్నాడు బావమరిది కొట్టుకొచ్చాడు. మాటకారి. అతనుంటే టీ తాగడానికి ఇంకో నలుగురు చేరతారు.

"కోడలి సంగతి సరే బావా, మీ అబ్బాయి పక్కన ఎప్పుడూ ఆ ఈతగాడేగా కనిపిస్తాడు. ఇంతకీ కోడలు వాడేనా ఏంటి కొంపదీసి?" అని, లేచి నడుము తిప్పుతూ నాలుగడుగులు నడిచి చూపించాడు. కూర్చున్నవాళ్ళు కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. పరుపులాయన వాళ్ళ మొహాల్లోకి చూశాడు. నవ్వకపోతే అందరూ తనవైపే చూస్తారు. ఆయన కూడా నవ్వాడు.

తలెత్తేసరికి మెట్ల మీద కొడుకు. డ్యూటీకి బయల్దేరినట్టున్నాడు. వాళ్ళ మధ్య నుంచే వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం గోడ ఉబ్బు తగ్గడం మొదలైంది. రెండ్రోజుల్లో చదునైపోయింది.

"వెయ్యబోయిన గది వెనక్కి పోవడం నేనెక్కడా చూళ్ళేదు," అంది భార్య, గోడ తడిమి చూస్తూ. "కొట్లో ఏం జరిగింది?"

ఆయన చెప్పాడు. ఆవిడ చేతికంటిన సున్నం కొంగుకి తుడుచుకుంది. "అబ్బాయికి వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికిందట. ఇద్దరూ ఆదివారం వెళ్తున్నారు. మీకు నన్ను చెప్పమన్నాడు," అంది.

"నాకు వాడు చెప్పకూడదా?"

"మీరు వింటారని వాడికి తెలియాలిగా."

మర్నాడు పరుపులాయనకి చెయ్యి ఆడలేదు. వేసిన కుట్టే మళ్ళీ వేశాడు. మధ్యాహ్నం బావమరిది మామూలుగానే వచ్చి, చేరిన నలుగురికీ టీ చెప్పి, "ఏడీ మన కొత్తకోడలు?" అంటూ లేచి నడుము మీద చెయ్యి పెట్టాడు.

పరుపులాయన సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టాడు.

"కూర్చోరా. అందులో నవ్వొచ్చేదేముంది?"

"సరదాకి బావా."

"ఆ కుర్రాడు మా అబ్బాయి మనిషి. రేపు మా ఇంట్లో ఉండాల్సినవాడు. మొన్న నువ్వన్నప్పుడు నేనూ నవ్వాను. నా కొడుకు విన్నాడు. ఇంకెప్పుడూ నా కొట్లో ఆ మాట అనకు."

బావమరిది మొహం ఎర్రబడింది. "మీ ఇంటి సంగతులు మాకెందుకులే," అని టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళలో ఇద్దరు అతని వెనకే లేచారు. కొట్లో దూది ఏకే ముసలాయన మాత్రం కదల్లేదు. గ్లాసు కింద పెట్టి, "నువ్వన్నది సబబే," అని గొణిగి మళ్ళీ పనిలో పడ్డాడు. సొంత బావమరిదిని పొమ్మనలేదు గానీ, పొమ్మన్నంత పనీ అయింది.

పైన ధబ్బున సున్నం రాలిన చప్పుడైంది.

ఈసారి గది రావడానికి కొన్నాళ్ళు పట్టలేదు. ఆయన టేపు మెడలో వేసుకుని మెట్లెక్కేసరికి గది పూర్తిగా వచ్చేసి ఉంది, వీధివైపు కిటికీతో సహా. కొడుకూ, సర్దడానికి సాయమొచ్చిన ఈత మాస్టారూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. సగం సర్దిన పెట్టె ఇద్దరి మధ్యా తెరిచే ఉంది.

ఎలా మొదలెట్టాలో పరుపులాయనకి తెలియలేదు. గది పొడవు కొలిచాడు. వెడల్పు కొలిచాడు.

"మొన్న నేను నవ్వకుండా ఉండాల్సింది," అన్నాడు, టేపు చుడుతూ.

కొడుకు తలూపాడు.

ఆయన గొంతు సవరించుకుని ఈత మాస్టారు వైపు తిరిగాడు. "పరుపులు రెండు కావాలా బాబూ, ఒకటి చాలా?"

ఈత మాస్టారు చెవులదాకా ఎర్రబడి, చెప్పమన్నట్టు పక్కకి చూశాడు.

"ఒకటే, నాన్నా," అన్నాడు కొడుకు.

"పెద్దది కుట్టాలి. దూది ఏకించాలి. ఆదివారానికి అవదు మరి."

కొడుకు వంగి పెట్టెలోంచి చొక్కాలు తియ్యడం మొదలెట్టాడు.

"తొందరేం లేదు. మెల్లగా కుట్టు."