ఆగ్నేయం గోడలో పొగగొట్టం

రాధాకృష్ణ ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తాడు. ఇంట్లో మేకు కొట్టాలన్నా వాస్తు చూడ్డానికి కంపాస్ తీస్తాడు. పార్సిప్పనీలో పాత ఇల్లు కొన్న మొదటి చలికాలమే, ఇల్లు వెచ్చబెట్టే బేస్‌మెంట్ బాయిలర్ మొరాయించింది. చిమ్నీ లోపల ఇటుకలు రాలిపోతున్నాయి, అది ఇక పనికిరాదన్నాడు ప్లంబర్. కొత్త బాయిలర్‌కి చిమ్నీ అక్కర్లేదట. గోడకి కన్నం పెట్టి, ప్లాస్టిక్ గొట్టంతో పొగ బయటికి వదిలితే చాలట. పక్కనే ఉన్న ఈశాన్యం గోడ చూపించాడు. అటు కిటికీలు లేవు.

ఈశాన్యంలో పొగా! రాధాకృష్ణ గుండె ఆగినంత పనయింది. అగ్నికి ఆగ్నేయం ఉండగా దేవుడి మూల పొగ పెట్టుకునే ఖర్మేమిటి? గొట్టాన్ని బేస్‌మెంట్ పొడవునా లాగి ఆగ్నేయం గోడలోంచి తీయమన్నాడు. అక్కడ కిటికీ ఉంది, తెరిస్తే పొగంతా లోపలికే వస్తుందన్నాడు ప్లంబర్. "పర్మనెంట్‌గా సీల్ చేసేస్తా, రేపే" అని మాటిచ్చాడు రాధాకృష్ణ.

అది సాయి ప్రియ గది కిటికీ. నల్గొండ నుంచి ఎమ్మెస్‌కి వచ్చి, వాళ్ళ బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న అమ్మాయి.

రేపు వచ్చింది, పోయింది. మంచు పడింది, ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ వచ్చి పడింది. ఇంత చలిలో కిటికీ ఎవరు తెరుస్తారులే అని సర్దిచెప్పుకున్నాడు. ఆ పిల్లకి ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే, ఇక్కడెందుకు పెట్టించారని అడుగుతుంది. వాస్తు కోసమని చెప్పడానికి సిగ్గేసింది.

"అంకుల్, పొద్దున లేస్తే తల పగిలిపోతుంది" అందొకరోజు.

"వెదర్ మారింది కదమ్మా, అల్లం టీ తాగు" అన్నాడు. అన్నాక కిటికీ గుర్తొచ్చింది. సాయంత్రం చూద్దామనుకున్నాడు. చూడలేదు.

ఆదివారం టిఫిన్‌కి పిలుద్దామని కిందికి వెళ్ళిన భార్య శశికళ కెవ్వుమంది. సాయి ప్రియ మంచం పక్కన పడి ఉంది. కిటికీ జానెడు తెరిచి ఉంది; గది ఉడికిపోతోందని రాత్రిళ్ళు అలాగే పడుకుంటోందని తర్వాత తెలిసింది. రాధాకృష్ణ ఆ పిల్లని భుజాన వేసుకుని మంచులోకి పరిగెత్తాడు. అంబులెన్స్ వచ్చింది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ విషం ఎక్కిందన్నారు డాక్టర్లు, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు.

సాయంత్రానికి కళ్ళు తెరిచింది. ఆసుపత్రికి వచ్చిన ఆ పిల్ల స్నేహితులంతా రాధాకృష్ణ చేతులు పట్టుకుని దేవుడిలా ఆదుకున్నారన్నారు. ప్రతి మాటా చెంపదెబ్బలా తగిలింది. గొట్టం అక్కడికెందుకు వచ్చిందో తెలిసిన శశికళ మాత్రం అతని వైపు చూడలేదు.

"అంకుల్, మా అమ్మ మాట్లాడతదంట" అని సాయి ప్రియ ఫోన్ అందించింది.

లీలావతి ఏడుస్తోంది. "అన్నా, మా బిడ్డను బతికిచ్చిండ్రు. చదువైపోయేదాంక ఇగ మీ ఇంట్లనే ఉంటది. మీరుండంగ నాకు భయం లేదు."

అవునమ్మా అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. మంచం మీద ఆ పిల్ల పాలిపోయిన ముఖం చూసి అనలేకపోయాడు.

"ఆ పొగ నా వల్లే వచ్చిందండీ. వేరే గోడకి పెడతామంటే వాస్తు కాదని, నేనే మీ అమ్మాయి కిటికీ కింద పెట్టించాను. తెరవొద్దని తనకి చెప్పలేదు."

లీలావతి ఏడుపు ఆగింది.

"మీకు పిల్లలున్నరా?" ఈసారి అన్నా అనలేదు.

"ఒక పాప ఉందండీ."

"ఆమె కిటికి కిందైతే పెట్టిస్తుంటిరా?"

సాయి ప్రియ అతన్నే చూస్తోంది.

"లేదండీ" అన్నాడు రాధాకృష్ణ.