అతికిన ఆరు దారాలు

ప్రొద్దుటూరు మార్కెట్లో పొట్టేలును కోసినాక తోకనూ బీజాలనూ తీయకుండా వేలాడదీస్తారు. తోక చూసి మేక కాదని, బీజాలు చూసి ఆడది కాదని కొనేవాళ్ళు తేల్చుకుంటారు. 1963 మార్చిలో ఒక ఆదివారం జియావుల్లా ఈ రెండింటి దగ్గరా తప్పాడు. తొందరలో తోలుతో పాటు తోకనూ కోసేశాడు. బీజాల్లో ఒకటి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ప్రమీలమ్మకు ఇచ్చాడు. కోసిన పది నిమిషాల్లోపలే కావాలని ఆమె మూడు నెలలుగా అడుగుతోంది.

ఆ పొట్టేలును పులివెందుల రైతు నారాయణ ఇంట్లో విందుకని కొన్నాడు.

"ఒకటే ఉందేందప్పా?" అన్నాడు.

"ఇంకోటి కాలేజీ అమ్మ తీసకపోయింది."

"ఆయమ్మకెందుకప్పా అది!" అని నవ్వుకుంటూ పోయాడు.

మర్నాడు నవ్వు లేకుండా వచ్చాడు. విందులో వియ్యంకుడు ఒక ముద్ద తిని, "పొట్టేలని చెప్పి మేకపోతును పెట్టినావా బావా?" అన్నాడట, పదిమంది ముందర. తోలు అప్పటికే వాణియంబాడి తోళ్ళ కార్ఖానాకు లారీ ఎక్కింది. తలకాయను ఎవరో కొనుక్కుపోయారు. కసాయిల పెద్ద పీర్ సాహెబ్ రెండే మాటలు చెప్పాడు.

"శుక్రవారం లోపల రుజువు చూపీ. లేకుంటే అంగడి మూసెయ్."

జియావుల్లా తండ్రి పెట్టిన అంగడి అది. వేరే పని అతనికి రాదు. కాలేజీకి పరుగెత్తాడు.

"ఆ రోజు నువ్విచ్చిన బీజంలోది గాజుపలక మీద భద్రంగా ఉంది," అంది ప్రమీలమ్మ. "పొట్టేలో మేకో లెక్కపెట్టి చెప్పొచ్చు. వాళ్ళను పిలుచుకురా."

గురువారం ముగ్గురూ మైక్రోస్కోపు ముందు నిలబడ్డారు. ప్రతి ప్రాణి ఒంట్లో ప్రతి కణంలోనూ దారాలుంటాయని, వాటిని క్రోమోజోములంటారని, తల్లిదండ్రుల పోలిక బిడ్డకు వాటి వెంటే వస్తుందని ఆమె చెప్పింది. మేకకు అరవై, గొర్రెకు యాభై నాలుగు.

"లెక్క నేనే పెడతా," అన్నాడు నారాయణ. రెండుసార్లు తప్పాడు. మూడోసారి పీర్ సాహెబ్ జపం చేసుకునే పూసల దండ, తస్బీ తీశాడు. నారాయణ ఒక్కో అంకె అన్నప్పుడల్లా ఆయన ఒక పూసను జరిపాడు. యాభై నాలుగో పూస దగ్గర నారాయణ ఆగాడు. ఇంకా ఏమైనా మిగిలాయేమోనని వెతికాడు. మిగల్లేదు.

అప్పుడు జియావుల్లా కన్ను ఆనించాడు. వెలుతురు గుండ్రంలో ఊదా రంగు ముక్కలు. ఇరవై ఏళ్ళుగా కోస్తున్నాడు. పొట్టేలు లోపల తాను చూడనిది లేదనుకున్నాడు. ఏ కత్తీ ఇంత లోపలికి పోలేదు. చాలాసేపు తల ఎత్తలేదు.

"అమ్మా, అన్నీ పుల్లల మాదిరుండాయి. ఆరు మాత్రం నడుమ వంగి పొడుగ్గా ఉండాయి. ఈడ కీలుందా?"

ఆ ప్రశ్న ప్రమీలమ్మను తరగతిలో ఎవరూ అడగలేదు.

"ఉంది. ఒక్కొక్కటీ రెండు పుల్లలు అతికింది. విడదీసి లెక్కపెట్టు."

ఆరు పన్నెండయ్యాయి. మిగిలినవి నలభై ఎనిమిది. జియావుల్లా పెదవులు కదిలాయి. "అరవై."

"అరవయ్యా?" నారాయణ ముందుకొచ్చాడు. "అయితే మేకే గదమ్మా!"

తన అంగడి తానే మూసుకున్నానని జియావుల్లా అనుకున్నాడు.

"కాదు," అంది ప్రమీలమ్మ. "లక్షల ఏళ్ళ కిందట రెండింటికీ మూలం ఒకటే. అప్పటి అరవై మేకలో అట్లే నిలిచాయి. గొర్రె దారిలో కొన్ని రెండేసి అతికాయి. ఆ అతుకు ఏ మేకలోనూ లేదు. ఇది పొట్టేలే."

"అతికించింది ఎవరు?" పీర్ సాహెబ్ అడిగాడు.

"ఎట్లా అతికాయో నాకు తెలీదు. అతికినవి తరం తరానికీ అట్లే వస్తున్నాయి. ఈ పొద్దు మీ కొట్టంలో పుట్టే గొర్రెపిల్లలో కూడా."

పీర్ సాహెబ్ వంగి చూశాడు. తర్వాత నారాయణ మళ్ళీ చూశాడు.

"అంగడి నడుపుకోనీ సాహెబ్," అన్నాడు కన్ను తీయకుండానే. "ఆ బావకు నోరుంది గానీ నాలుక లేదు." తర్వాత ప్రమీలమ్మ వైపు తిరిగాడు. "మేకది గూడా చూపీమ్మా."

"నా దగ్గర లేదండీ. మేక లెక్క పుస్తకంలో చదివిందే. కళ్ళతో చూడలేదు."

నారాయణ కండువా సర్దుకున్నాడు.

"మా దొడ్లో మేకపోతుండాది. ఆదివారానికి తోలుకొస్తా."

"కోసేదెవరు?" అన్నాడు పీర్ సాహెబ్.

"ఎవరేంది?" నారాయణ జియావుల్లా వైపు చూశాడు. "ఈయప్పే."