తెల్లగున్న పక్క

పాల పాకెట్టును అంచుకు కత్తిరిచ్చి, పాలు గిన్నెల ఒంచి, పాకెట్టుల జరన్ని నీళ్లు పోసి జాడిచ్చి ఆ నీళ్లు గూడ గిన్నెలనే పోస్తది లిడియా. తర్వాత పాకెట్టును కడిగి దండెం మీద ఆరేస్తది. చొప్పదండిల వాళ్ల వాడకు కొత్తగ వచ్చినోళ్లకు ఇల్లు గుర్తు చెప్పాల్నంటే, దండెం మీద బట్టల నడుమ పాల పాకెట్లు ఏలాడే ఇల్లని చెప్తరు. ఎండినంక వాటిల్ల కరివేపాకు కట్టిపెడ్తది, బడికి పోయే బిడ్డకు రొట్టె చుట్టిస్తది.

పాలు పొంగేదాక పొయ్యి ముందట ఊకె నిలవడుడెందుకు? ఆ టైంల కాయితాలు కత్తిరిస్తది. ఇది ఆమె ఇకమతే. పెనిమిటి జోయల్ పనిచేసే సొసైటీ ఆఫీసుల ఒక్క పక్కనే అచ్చువడ్డ కాయితాలు దండిగ పారేస్తుంటరు. పెండ్లయిన కొత్తల అవి చూసి ఆమె పానం కొట్టుకున్నది. అప్పటిసంది ఆయన తెచ్చి, తెల్లగున్న పక్క పైకి పెట్టి, వంటింటి గూట్ల పెడ్తడు. ఆమె నాలుగు మడతలు పెట్టి కత్తిరిచ్చి, సూదితోని దారం గుచ్చి, గోడకున్న మొలకు తగిలిస్తది. సరుకుల చీటీ ఆ కాయితమే, చాకలి పద్దు ఆ కాయితమే, చర్చిల అయ్యగారి ప్రసంగం రాసుకునేది ఆ కాయితమే. అచ్చువడ్డ పక్క ఏమున్నదో ఎన్నడూ తిరగేసి చూడలే. ఒక కన్ను పాల మీదుంటది, చూసే తీరిక యాడిది.

జోయల్ చెడ్డోడని ఎవరన్నంటే ఆమే ఒప్పుకోదు. తాగడు, చెయ్యెత్తడు. పోయిన కృతజ్ఞతల పండుగకు చర్చిల లేచి సాక్ష్యం చెప్పిండు. "దేవుడు నాకు ఇంకో జీతం తెచ్చే భార్యనియ్యలే, ఉన్న జీతాన్ని రెండు చేసే భార్యనిచ్చిండు" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. లిడియా తల వంచుకొని కాళ్లు కొంగు కింద దాసుకున్నది. చెప్పు ఉంగటం తెగితే తనే దబ్బనంతోని కుట్టుకున్నది, ఆ దారం ఎర్రగ అవుపడుతున్నది.

ఈ ఇంట్ల ఒక్కొక్క పొదుపు ఎవరి మీద వడుతదో ఆమెకు తప్ప ఎవరికీ తెల్వదు. అరిగిన సబ్బు ముక్కలన్ని ముద్ద జేస్తే ఆ ముద్ద ఆమెకు, కొత్త సబ్బు మిగిలినోళ్లకు. అత్తమ్మ ప్రేమమ్మ నేర్పిన పద్ధతి ఒకటున్నది, ఎసట్ల బియ్యం పోసే ముందు పిడికెడు తీసి దేవుని సంచిల వేసుడు. ఆదివారం ఆ సంచి చర్చికి పోతది. మంచి పద్ధతే. కని ఆ పిడికెడు ఎవరి కంచంల తగ్గుతదో పద్దెనిమిదేండ్లల్ల ఎవరూ అడగలే. రెండేండ్ల కింద ఇంట్ల రెండు ఫోన్లకు రీచార్జి దండుగ అనుకున్నప్పుడు, ఎవరూ అడగకముందే తన ఫోన్ తీసి అల్మార్ల పెట్టింది. అప్పుడు గూడ జోయల్ మెచ్చుకున్నడు. ఆ మెప్పు విని ఆనాడు ఎంత సంబరపడ్డదో గుర్తొస్తే ఇప్పుడు ఒళ్లు మండుతది.

నెల కింద చర్చి గోడకు ఒక నోటీసు అంటిచ్చిండ్రు. కరీంనగర్ల ఆడపిల్లల హాస్టల్ కొత్తగ పెడ్తుండ్రు, ఎనభై మందికి వంటశాల చూసుకునే మనిషి కావాలె. దినాం పొయ్యి రావొచ్చు. లిడియా ఆ నోటీసు ముందట నిలవడి మూడుసార్లు చదివింది. ఎనభై మందికి ఎన్ని శేర్ల బియ్యం, ఎంత పప్పు, మిగిలిన అన్నం పొద్దుగాల ఏం జేయాలె, అన్ని అక్కడ్నే మనసుల లెక్క తేలిపోయినయి. తనకు అచ్చంగ తెలిసిన పనికి జీతమిస్తరన్న సంగతి ఆమెకు వింతగ తోచింది.

ఫారం నింపుతుంటే జోయల్ పక్కపొంటి చూసిండు. 'అనుభవం' అన్న గడి కాడ ఆమె కలం ఆగింది.

"ఇంట్ల వంట జేసుడు అనుభవం కిందికి రాదు లిడియా. గీత గియ్యి" అన్నడు నవ్వుకుంట. గీసింది. మళ్ల ఆయనే అన్నడు, "అయినా నువ్వు తెచ్చే జీతం కంటె నువ్వు ఇంట్ల ఉండి మిగిలిచ్చేదే ఎక్కువ. ఆలోచించు."

ఆలోచించింది. ఆలోచించి పోస్టు డబ్బాల వేసి వచ్చింది. ఫోన్ నంబరు ఆయనదే ఇచ్చింది, ఇంకోటి లేదు గద. ఉత్తరాలు గూడ పోస్టు నాగయ్య ఆఫీసుల్నే ఆయన చేతికిస్తడు.

ఇగ అప్పటిసంది ఆమెకు నిలవడ్డ కాడ నిలవబుద్ధి కాలే. కడిగిన గిన్నెలే మళ్ల కడిగేది. సాయంత్రం జోయల్ తలుపు తీస్తే ముఖం కంటె ముందు ఆయన చేతులు చూసేది. రెండుసార్లు అడిగింది. "ఏమన్న ఉత్తరమచ్చిందా?" "రాలే" అన్నడు. మూడోసారి అడగబుద్ధి కాలే. తనలాంటిదాన్ని ఎవరు పిలుస్తరు అనుకున్నది, గీత గీసిన ఫారం చూసి నవ్వి పక్కకు పెట్టి ఉంటరు అనుకున్నది. అట్ల అనుకున్నంక ఇంట్ల పని ఇంకింత గట్టిగ జేసింది.

పోయిన వారం అయ్యగారి భార్య పిలిచి, "లిడియా, ఈ ఆదివారం స్త్రీల సమాజంల పొదుపు చిట్కాలు చెప్పాలె నువ్వు. నీ అంత తెలిసినోళ్లు సంఘంలనే లేరు" అన్నది. శనివారం మొల మీది కాయితాలు పది తెంపుకొని, ఒక్కోదాని మీద ఒక్కో చిట్కా రాసుకున్నది.

ఆదివారం ఆరాధన అయిపోయినంక ఆడోళ్లందరు చాపల మీద కూసున్నరు. ప్రేమమ్మ కోడలు చెప్పేది వినాల్నని ముందే వచ్చి గోడకానుకొని కూసున్నది. లిడియా నిలవడి చీటీలు ముఖం ముందట పట్టుకొని చదువుడు మొదలువెట్టింది. కుక్కర్ రబ్బరు లూజైతే ఫ్రిజ్జుల చల్లటి నీళ్లల్ల వెయ్యిండ్రి, ఇంకొన్ని దినాలు పనికొస్తది. బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకు పొయ్యిండ్రి. పాత చీర ముందుగాల దిండు గలీబైతది, గలీబు చినిగితే చేతిగుడ్డ, అది గూడ చినిగితే ఇల్లు తుడిచే గుడ్డ. ఆడోళ్లు తలకాయ ఊపుతున్నరు.

ముందు వరుసల సక్కుబాయి కూసున్నది. ఆమె అరవై ఏండ్లకు రాత్రిబడిల అక్షరాలు నేర్చుకున్నది. బస్సు బోర్డైనా, సబ్బు మీది పేరైనా, అక్షరం కండ్లవడితే బయటికి చదవకుంట ఉండలేదు. లిడియా నాలుగో చీటీ ఎత్తంగనే సక్కుబాయి నోట్ల నుంచి మెల్లగ వచ్చింది. "శ్రీ... మతి... లి... డి... యా. ఏందే పిల్లా, చీటీ ఎనుక నీ పేరు అచ్చేసిండ్రు?"

లిడియా చీటీ తిరగేసింది.

శ్రీమతి లిడియా, భర్త జోయల్, చొప్పదండి. కింద సగం సగం వాక్యాలు. ఐదో చీటీ తిరగేసింది, దాని మీద హాస్టల్ పేరు, నీలం ముద్ర. ఆరోది తిరగేసింది. "...హాజరు కాగలరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వెంట తెచ్చుకొనవలెను." మిగిలిన చీటీలన్ని తిప్పింది. ఎరువుల బస్తాల లిస్టులున్నయి. నాలుగో ముక్క లేదు. తేదీ ఆ ముక్క మీదనే ఉండాలె.

ఉత్తరం వచ్చింది. తనను పిలిచిండ్రు. గీత గీసిన ఫారం చూసి గూడ పిలిచిండ్రు. ఆ పిలుపును తన కత్తెరతోని, తన చేతులతోని, పాలు పొంగుతున్నయా లేదా అని చూసుకుంట నాలుగు ముక్కలు జేసుకున్నది.

"ఏమైందమ్మా, చెప్పు" అన్నది అయ్యగారి భార్య.

ఏమైందో చెప్పలే. మిగిలిన ఏడు చిట్కాలు గూడ చదివింది. ఏం చదివిందో ఆమెకే తెల్వదు. ప్రార్థన కాంగనే చెప్పులు వేసుకొని ఉరికినట్టు నడిచింది. వెనుకసంది ప్రేమమ్మ పిలుస్తున్నా ఆగలే. నాలుగో ముక్క ఏడికి పోయిందో ఆమెకు యాదికొచ్చింది. శుక్రవారం సరుకుల చీటీ రాసి బిడ్డ స్తుతితోని నాగరాజు దుకాణానికి పంపింది.

నాగరాజు సరుకు కట్టిచ్చినంక చీటీలన్ని తీగెకు గుచ్చిపెడ్తడు. "గా శుక్రవారం చీటీ జర ఇయ్యవా తమ్మీ" అంటే వింతగ చూసిండు. తీగె మీదికెల్లి ఒక్కోటి తీసుకుంట, "ఏమన్న తక్కువ వచ్చిందా వదినా?" అన్నడు. ఏం తక్కువ రాలేదన్నది. చీటీ దొరికింది. కందిపప్పు, ఎల్లిపాయలు, ఉప్పు. తిరగేస్తే, సోమవారం, పొద్దున పదిన్నర గంటలకు. సోమవారమంటే తెల్లారే. నడుమ తీగె గుచ్చిన రంధ్రం తేదీ పక్కకెల్లి పోయింది, తేదీ బతికింది. దుకాణం మెట్ల మీద కూసొని కండ్లు తుడుచుకున్నది.

ఇంటికి వచ్చేసరికి జోయల్ చాయ కోసం ఎదురుచూస్తున్నడు. లిడియా నాలుగు ముక్కలు ఆయన ముందట బల్ల మీద జోడిచ్చి పెట్టింది. చాయ పెట్టలే.

ఆయన ముఖం మారింది.

"నీకు చూపిస్తే ఆశపడ్తవని... అక్కడ పోయినంక కాదంటే నువ్వు తట్టుకోవని..."

"అందుకని గూట్ల పెట్టినవా?"

"అటు పక్క తెల్లగుండె. నువ్వే అంటవు గద, ఏదీ పారెయ్యొద్దని. పారెయ్యబుద్ధి కాలే."

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండు ఒక్కసారే వచ్చినయి. చింపి పారేసినా ఇంత బాధ కాకపోవును. పద్దెనిమిదేండ్లు ఆయనకు నేర్పిన పొదుపు ఒక్కటే ఆయన సక్కగ నేర్చుకున్నడు. తన చేతులతోనే ఆయన పని కానిచ్చుకున్నడు.

"రాలే అన్నవు" అన్నది. "రెండుసార్లడిగిన. రెండుసార్లు రాలే అన్నవు."

"ఇల్లు గురించి ఆలోచించిన లిడియా. అవ్వకు మోకాళ్లు, స్తుతికి పరీక్షలు. నువ్వు పోతే వంట ఎట్ల? పొద్దుగాల డబ్బా ఎట్ల?"

చర్చికెల్లి వచ్చి గోడకానుకొని కూసున్న ప్రేమమ్మ అప్పుడు నోరు తెరిచింది. "నా మోకాళ్ల పేరు నువ్వు తియ్యకు కొడుకా. కూసొని బియ్యం ఏరుత, కూర తరుగుత. నా చేతులు పడిపోలే. నీ చేతులు గూడ పడిపోలే."

జోయల్ తల్లిని చూసిండు, భార్యను చూసిండు. "ఇప్పుడు నేను తప్పు జేసినోన్నయిన్న" అన్నడు. ఆ మాటకు ఆమెకు జాలి పుడ్తదేమో అనుకున్నడు. లిడియా సూదిల దారం ఎక్కిస్తున్నది.

అన్నం మెతుకులతోని కాయితం అంటుకుంటదని ఆమె చిట్కాలల్ల ఒకటి. కని అంటిస్తే ఒక పక్క మూసుకపోతది. అందుకని నాలుగు ముక్కలను అంచులు కలిపి, సన్నటి కుట్టు వేసింది. మూడు చిట్కాలు, ఒక సరుకుల చీటీ ఒక పక్క. పిలుపు ఇంకో పక్క.

తెల్లారి పిడికెడు బియ్యం దేవుని సంచిల వేసింది. ఎసట్ల ఎప్పటికంటె ఇంకో పిడికెడు ఎక్కువ పోసింది, అది తన కంచం కోసం. కడుపు నిండ తిని, అల్మార్లకెల్లి తన ఫోన్ తీసి సంచిల వేసుకొని బస్సెక్కింది. జోయల్ గుమ్మంల నిలవడి, "ఎన్నింటికొస్తవు?" అన్నడు. "అయిపోయినంక" అన్నది.

కరీంనగర్ల ఆఫీసు గదిల మేడమ్ ఉత్తరం చేతిలకు తీసుకొని కుట్ల మీద వేలు పెట్టి చూసింది. ఏమైందని అడగలే. ముందట ఫారం ఉన్నది.

"అనుభవం కాడ గీత గీసిండ్రు?"

లిడియా చెయ్యి చాపి, మేడమ్ చేతిల ఉత్తరాన్ని తిరగేసి పెట్టింది.

"తప్పు గీసిన మేడమ్. గిటు చదువుండ్రి" అన్నది. "పద్దెనిమిదేండ్ల అనుభవం. ఇన్నొద్దులు ఉత్తగ చేసిన, ఇగ చెయ్య."